సిరి సముద్రంలో దిగింది

అన్నియ్యా,

నువ్వు సేపల వేటకెళ్లి తిరిగి రాని రోజు నుంచి మూడేళ్లుగా నీ కూతురు సిరి సముద్రం వైపు సూసీది కాదు. ఇయ్యాల నా ఇద్దరు కొడుకుల్తో పాటు దాన్నీ భావనపాడు సముద్రం ఒడ్డుకి తీసికెళ్లాను. సానాసేపు ఇసకలోనే కూసుంది. కెరటం సూసి మా సిన్నోడు ఏడుపు మొదలెట్టేసరికి లేసెళ్లి ఆడి సెయ్యి పట్టుకుంది.

"భయమేటిరా? నానున్నాను కదా, రా!"

ఇద్దరూ మోకాల్లోతు దాకా ఎల్లారు. పెద్ద కెరటమొచ్చి నెత్తి మీంచి తడిపేసింది. నాను లేసి పరిగెట్టబోయాను. సిరి కేకలేసి నవ్వింది అన్నియ్యా! పులిహోర తిందురు రండని పిలిస్తే ఒక్కరూ రాలేదు.

"అత్తా, నువ్వూ దిగు!" అని అరిసింది.

నాకూ భయమేనని దానికి ఎప్పుడూ సెప్పలేదు. సీర ఎగదోపుకుని దిగీసినాను.

నీ సెల్లి