నాయిన కోసం పట్టిన నీళ్లు

ఏప్రిల్ 10, బుధవారం

పాలవాగు రిజర్వాయర్ ఇంకో మెట్టు దిగింది. నీళ్లు లాగే ఇన్‌టేక్ టవర్ కింద నల్లటి బురద బయటపడింది. ఈ టౌన్‌కి నీళ్లిచ్చే ఏఈగా నేను వచ్చాక ఆ బురదను చూడడం ఇదే మొదటిసారి. రేపటి నుంచి మూడు రోజులకొకసారి సప్లై. ఆర్డర్ మీద సంతకం పెట్టి బయటికి వస్తే గుమ్మంలోనే జనం. ఒకాయన బిడ్డ పెండ్లి ఉన్నది మేడమ్, రెండు ట్యాంకర్లు రాయున్రి అని బతిమాలాడు. ఒక్కరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి, అందరికీ ఇచ్చేటన్ని లేవు అన్నాను. ఈ మాట నాకు కంఠతా వచ్చేసింది. వానలు పడేదాకా ఇదే పాట.

ఆయన మెట్లు దిగుతూ, మీ ఇంట్ల సుత అవసరం పడ్తది తియ్ అన్నాడు. శాపంలా అనలేదు. మామూలుగానే అన్నాడు. అయినా దారంతా ఆ మాటే నమిలాను.

ఏప్రిల్ 14, ఆదివారం

అమ్మ చర్చి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవలేదు, నాయిన మంచం మీద నుంచే నేను బాప్తిస్మం తీసుకుంటా అన్నాడు. అమ్మ బైబిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మాట కోసం ఉపవాసాలున్న మనిషి. తీరా వినేసరికి నమ్మలేదు, జ్వరమేమన్నా ఉన్నదా సూడవే ఫ్లోరా అని నన్ను పిలిచింది.

జ్వరం లేదు. ఉన్నది ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. జీవితమంతా కొత్తగూడెం దగ్గర బొగ్గు బాయిలో పని చేసి తెచ్చుకున్న ఆస్తి అది. మొన్నటి నుంచి ఆక్సిజన్ మిషన్ కూడా పెట్టాం. గోపయ్య అనే ఈ మనిషి చర్చిలో అడుగు పెట్టింది ఒక్కసారే, నా తమ్ముడు శాంతికుమార్‌ని పాతిపెట్టిన రోజు. వాడికప్పుడు ఏడేళ్లు. మెదడు వాపు జ్వరం.

అమ్మ వంటింట్లోకి వెళ్లాక నాకు అసలు సంగతి చెప్పాడు. పిలగాని పక్కన జాగ ఉన్నది గదా బిడ్డా, బాప్తిస్మం లేకుంటే ఆడ పెట్టనియ్యరంట గదా అన్నాడు. నిజమే. చర్చి మిషన్ వాళ్ల సమాధుల తోటలో సభ్యులకీ వాళ్ల చిన్నపిల్లలకీ తప్ప చోటు లేదు. దేవుడి మీద నమ్మకం కుదిరిందా అని అడిగాను. పిలగాడు ఆయన దగ్గర్నే ఉన్నడంటరు గదా, నమ్మకుంటే ఎట్ల అన్నాడు.

ఏప్రిల్ 15, సోమవారం

పాస్టర్ షాలేమ్‌రాజు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. మంచి మనిషే. కానీ మా మిషన్‌లో తల మీద నీళ్లు చిలకరిస్తే చెల్లదు. బాప్తిస్మమంటే పాత మనిషిని పాతిపెట్టడం, సంఘం ముందర పడుకోబెట్టి మొత్తం ముంచాలి. అమ్మ పెద్ద డ్రమ్ము తెస్తే కాదా అని అడిగింది. కాదన్నారు. ఏటా ఎండాకాలంలో అందరినీ భద్రాచలం తీసుకెళ్లి గోదావరిలో ముంచుతారు, కానీ నాయినకి అంత దూరం ప్రయాణం వద్దని దవాఖానాలో ఖరాఖండిగా చెప్పారు. మిగిలింది చర్చిలో స్టేజీ కింద ఉన్న తొట్టి. నీలం టైల్స్ వేసి ఉంటుంది. నా బాప్తిస్మం అందులోనే అయింది.

దాన్ని నింపాలంటే అర ట్యాంకర్ కావాలి. అయ్యగారు నా వైపు చూశారు. అమ్మ చూసింది. నేను నేల చూశాను. తర్వాత మొన్న ఆ పెళ్లి ఆయనకి చెప్పిన మాటే, అక్షరం మార్చకుండా చెప్పాను. నాయిన ఒక్కడే నా వైపు మాట్లాడాడు. దాన్ని ఇరికియ్యకున్రి, అది ఊరందర్కి జవాబు చెప్పుకోవాలె అన్నాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

అమ్మ నాతో మాట్లాడడం లేదు. టిఫిన్ మాత్రం పెట్టింది, ఉప్పు లేకుండా.

ఏప్రిల్ 22, సోమవారం

నల్లా వచ్చిన రోజు. ఆఫీసు నుంచి వస్తుంటే మా వీధి ఆడవాళ్లు బిందెలతో ఎదురయ్యారు, ఇంటి వైపు కాదు, చర్చి వైపు వెళ్తున్నారు. వెనకాలే వెళ్లాను. చర్చి ఊడ్చే సోమమ్మ తొట్టి దగ్గర నిలబడి ఒక్కో బిందె అందుకుని మెల్లగా ఒంపుతోంది. నిన్న ఆరాధనలో లేచి ఇంటికో బిందె తెద్దామని చెప్పింది ఆమేనట. మా ఏఈ బిడ్డ ఇయ్యనన్నది న్యాయమే, మా వంతుల మేం ఇచ్చుకుంటే ఎవలడుగుతరు అన్నదట.

మూడు రోజులకి ఇంటికి వచ్చేది ఎన్ని బిందెలో నాకు తెలుసు. అందులో ఒకటి తీసి ఇస్తున్నారు. నేను వద్దనలేకపోయాను. సోమమ్మ నన్ను చూసి, రెండు బట్టలు తక్కువ ఉతుక్కుంటం, ఏమైతది బిడ్డా అన్నది. స్తంభం చాటుకి వెళ్లి ఏడ్చాను. తర్వాత ఇంటికి పోయి మా బిందె తెచ్చాను.

అమ్మ రాత్రి కూరలో ఉప్పు వేసింది.

ఏప్రిల్ 30, మంగళవారం

ఇకనుంచి ఐదు రోజులకొకసారి. రిజర్వాయర్‌లో మధ్య గుంట తప్ప ఏమీ లేదు, ఎండకి అదీ రోజూ ఆవిరవుతోంది. అది నేను ఆపగలిగేది కాదు. ఆపగలిగినవి లీకులు, దొంగ కనెక్షన్లు. ఇవాళ ఒక ఫంక్షన్ హాల్లో తివాచీ కింద సంపు దొరికింది. నిండా నీళ్లు! ఓనర్ హీరాలాల్ గారు సీజన్ మేడమ్, జర అర్థం చేసుకోండి అని కూల్‌డ్రింక్ తెప్పించాడు.

అక్కడి నుంచి నేరుగా పైప్‌లైన్ చివర ఉన్న గూడేనికి వెళ్లాను. చర్ల వైపు నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలేసుకున్న కోయ వాళ్లు. ప్రెషర్ చాలక వాళ్ల నల్లాకి నీళ్లు ఎక్కక చాలా రోజులైంది. ఆడవాళ్లు వాగు ఇసకలో చెలిమెలు తోడి, ముంతతో ముంచి, కొంగుతో వడకడుతున్నారు. ఒక పిల్ల ఆ ఎర్రటి నీళ్లే తాగుతోంది. నా ఒళ్లు మండిపోయింది.

ఆఫీసుకి వచ్చి సర్క్యులర్ రాశాను. టౌన్‌లో ఎక్కడ పెద్ద తొట్టిలోగానీ సంపులోగానీ నీళ్లు దాచి ఉన్నా, ఎవరిదైనా సరే, మోటార్ పెట్టి తోడి ట్యాంకర్‌లో చివరి బస్తీలకి పంపాలి. నన్ను అడగక్కర్లేదు. ట్యాంకర్ పని చూసే బిచ్యా చదివి, గిట్ల ఎన్నడో రాయాల్సింది మేడమ్ అన్నాడు. చాలా రోజుల తర్వాత తృప్తిగా అన్నం తిన్నాను.

మే 6, సోమవారం

తొట్టిలో నీళ్లు నడుము దాకా వచ్చాయి. వచ్చే ఆదివారం, 12న బాప్తిస్మం. అయ్యగారు నలుగురు మనుషుల్ని మాట్లాడారు, కుర్చీతో సహా మోసుకెళ్లడానికి. నాయినకి అమ్మ తెల్ల లుంగీ, తెల్ల చొక్కా ఉతికి పెట్టింది. మునిగినప్పుడు ఊపిరి బిగపట్టాలె గదా అని ఆయన మంచం మీద ప్రాక్టీస్ చేస్తున్నాడు. ముక్కు మూసుకుంటాడు, దగ్గొస్తుంది, మేమిద్దరం నవ్వుతాం, ఆయనా నవ్వుతాడు. ఇంట్లో ఇన్నేళ్లలో ఇంత నవ్వు లేదు.

మే 10, శుక్రవారం, సాయంత్రం 5

మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా మా వాట్సాప్ గ్రూప్‌లో బిచ్యా ఫోటో పెట్టాడు. రోజూ పెడతాడు, తోడిన సంపు ఫోటో ఒకటి, పోసిన బస్తీ ఫోటో ఒకటి. నేను సరిగా చూడకుండానే బొటనవేలు గుర్తు కొట్టాను. సాయంత్రం చాయ్ తాగుతూ మళ్లీ తెరిచాను.

నీలం టైల్స్.

మే 10, రాత్రి

చర్చిలో సోమమ్మ తడి నేల మీద కూర్చుని ఉంది. తొట్టి అడుగున చీపురు పుల్లలు తేలేటన్ని నీళ్లు. ట్యాంకర్ వాళ్లు వచ్చి ఫ్లోరెన్స్ మేడమ్ ఆర్డరు అన్నారట. నీ పేరు చెప్పిన్రు బిడ్డా, తక్కువబడ్డ నీళ్లు నువ్వే పంపినవేమో అనుకుని తాళమిచ్చిన, చాయ్ సుత పోసిన అన్నది. పైపు దింపడం చూసి, నీళ్లు వస్తున్నాయనుకుని వంట చూసుకోవడానికి ఇంటికి పోయింది.

బిచ్యాని పిలిపించాను. వాడికి చర్చి తొట్టి సంగతేం తెలుసు? తాళం వేసిన హాలు, లోపల ఎవరూ వాడని నీళ్లు. విషయం చెప్పగానే వాడి ముఖం చూడలేకపోయాను. ఎవరిదైనా సరే అని మీరే రాసిండ్రు గదా మేడమ్ అన్నాడు మెల్లగా. అవును, నువ్వు చేసింది కరెక్ట్ అన్నాను.

సర్క్యులర్ రాసేటప్పుడు ఈ తొట్టి నాకు గుర్తుకే రాలేదు. అది దాచిన నీళ్లని నాకెప్పుడూ అనిపించలేదు. హీరాలాల్‌కీ తన సంపు గురించి అలాగే ఉండి ఉంటుంది.

మే 11, శనివారం

నాయినకి నేనే చెప్పాను. ఎవరి ఆర్డరో కూడా చెప్పాను. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుకుని, ఎవలకు పోసిన్రు అని అడిగాడు. గూడేనికి అన్నాను. ఆళ్లు చెలిమె నీళ్లు తాగుతున్నరంటివి గదా అన్నాడు. అవునన్నాను. సరే, ఇగ మల్ల ఎవల్నీ అడగకున్రి, వాన పడ్డంక సూద్దాం అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వాన దాకా ఉంటవా నువ్వు అని అమ్మ అరిచింది. వీధంతా వినపడేలా అరిచింది. ఆయన ఇటు తిరగలేదు.

మే 12, ఆదివారం

తెల్లారగానే బిచ్యాకి ఫోన్ చేశాను. అర ట్యాంకర్ చర్చికి పంపమన్నాను. ఏఈ ఫ్లోరెన్స్ రూల్ తప్పింది, ఇదిగో, ఇక్కడ రాసుకుంటున్నాను. వాడు మారు మాట్లాడకుండా, ఇప్పుడే తెస్త మేడమ్ అన్నాడు.

అమ్మ సంబరంగా తెల్ల చొక్కా తెచ్చింది. నాయిన తొడుక్కోలేదు. ఈ ట్యాంకరు ఎవల వంతుది అని నన్నడిగాడు. అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. రైల్వే గేటు అవతలి బస్తీది అన్నాను. అయితే ఆడికే తోలు, అది చర్చికి పోతే నేను తొట్టిల దిగ అన్నాడు. నీ పక్కన తమ్ముడు శాంతి ఉండొద్దా అని కొట్లాడాను, కాళ్లు పట్టుకున్నాను. దగ్గు తెరలో నుంచి ఒకటే మాట, తోలు బిడ్డా.

ట్యాంకర్ చర్చి సందు మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. నాకు నాయిన మీద వచ్చినంత కోపం ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు.

మే 19, ఆదివారం

నాయిన పోయాడు. పొద్దున, అమ్మ గంజి తాగిస్తుండగా.

మే 20, సోమవారం

సంఘ పెద్దలు నిన్న మధ్యాహ్నం కూర్చున్నారు. అయ్యగారు మా తరఫున గట్టిగా మాట్లాడారు. మనసులో ఒప్పుకున్నాడు, నీళ్లు కూడా పట్టాం అన్నారు. సోమమ్మ ఆడవాళ్లందరినీ తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టింది. నేనూ లేచి అడిగాను. జీవితంలో మొదటిసారి మినహాయింపు అడిగాను.

ఒక పెద్దాయన తల వంచుకుని, ఒక్కరికి ఇస్తే ఇంతకుముందు వద్దన్న ఇండ్లకి మేం ఏం చెప్పాలె తల్లీ అన్నాడు. ఎత్తిపొడవలేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆ కుర్చీలో నేనున్నా అదే అనేదాన్ని, అది తెలిసి ఇంకా ఏడుపొచ్చింది.

బాయి పని వాళ్లని పెట్టే బొందలగడ్డలో పెట్టాం. రైలు పట్టాల పక్కన. అయ్యగారు సంఘం తరఫున కాకుండా, మామూలు చొక్కాలో వచ్చి ప్రార్థన చేశారు. బిచ్యా చివరిదాకా దూరంగా నిలబడి, అందరూ పోయాక వచ్చి మట్టి వేశాడు.

జూన్ 9, ఆదివారం

వాన.

జూన్ 21, శుక్రవారం

వాగు పారుతోంది. బురద మునిగింది. గూడెం లైన్‌కి బూస్టర్ మోటార్ శాంక్షన్ అయింది, ఇవాళ ట్రయల్ చూశాం, నల్లాకి నీళ్లు ఎక్కాయి. సోమవారం నుంచి టౌన్ అంతటికీ రోజూ సప్లై. సంతకం పెట్టాను. అందరూ మిఠాయి పంచుకున్నారు. నేనూ తిన్నాను. బాగుంది, ఏం చెప్పను.

జూన్ 30, ఆదివారం

చర్చిలో బాప్తిస్మాలు. తొట్టి అంచు దాకా నీళ్లు. అమ్మ ముందు వరసలో కూర్చుని పాటలు పాడింది.

వచ్చేటప్పుడు సమాధుల తోటలో ఆగాం. శాంతి పక్కన ఖాళీ జాగాలో గడ్డి పెరిగింది. అమ్మ కూర్చుని పీకింది. నన్ను ఈడనే పెట్టు, పిలగాడు ఒక్కడైతడు అన్నది.

మరి నాయిన దగ్గర ఎవరుంటారు అన్నాను.

నువ్వున్నవ్ గదా బిడ్డా అన్నది.