దిబ్బ దొర నీళ్లు

యమాతో,
ఆగస్టు నెలాఖరు.

ఏమండీ, మీకు తోయోనో నమస్కారాలు. నేనూ, మన సుమీ బాగున్నాం. ఇక్కడ బాగాలేనిది ఎండ ఒక్కటే. ఒసాకా ఆసుపత్రిలో మీ నడుము కుదుటపడుతోందని రాశారు, ఆ మాట చదివాక కాస్త అన్నం సహించింది.

మీరడిగినవాటికి జవాబు. ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువు రాయి తీయలేదు. తూము పెట్టె తాళంచెవి నా నడికట్టులోనే ఉంది, పడుకున్నప్పుడు కూడా తీయను. మన మడి వెన్ను తీసిందా అన్నారు. తీసింది. మిగతా సంగతి తర్వాత రాస్తాను.

పాతకాలపు దొర సమాధి దిబ్బ చుట్టూ ఉన్న కందకంలో నీళ్లు నేనెప్పుడూ చూడనంత దిగిపోయాయి. ఈ నెల మొదట్లోనే గుర్తురాయి దగ్గరికి వచ్చేశాయి. రాయి పైనున్నవి మనవి, కిందున్నవి దొరవి, ముట్టకూడదని మీ నాన్నగారు అనేవారు. ఊరంతా విన్న మాటే. కానీ వరి పొట్ట మీదున్నప్పుడు చచ్చిన దొర మాట ఎవడు వింటాడు?

ఒకరోజు పొద్దున్నే మీ తమ్ముడు కురామిత్సు పదిమందిని వెంటేసుకుని మన వాకిట్లోకి వచ్చాడు.

"వదినా, తాళంచెవి ఇలా ఇయ్యి. అడుగు తూము లాగి, రాయి కిందున్న నీళ్లు కూడా వదిలేస్తాం."

"నీటి కావలి మీ అన్నది. ఆయన వచ్చాక అడుగు."

"అన్న వచ్చేసరికి మాకు తాలే మిగుల్తుంది. ఎప్పుడో చచ్చినోడికి నీళ్లెందుకు? కాళ్లు కడుక్కుంటాడా?"

నాకు నవ్వొచ్చింది గానీ వెనకున్నవాళ్లు నవ్వలేదు. ఒకడి చేతిలో గునపం ఉంది. సుమి నా వీపు చాటుకు చేరింది.

తాళంచెవి ఇవ్వలేదు. అందరినీ కట్ట మీదికి తీసుకెళ్లాను. నీళ్లు దిగిన మూలన దిబ్బ అంచు జారిపోయి, అందులోంచి పాతకాలపు మట్టి గుర్రం తల ఒకటి బయటికి వచ్చి ఉంది. మేం చూస్తుండగానే ఇంకో పెళ్ల ఊడి నీళ్లలో పడింది.

"చూశారుగా! ఆ దిబ్బని నిలబెట్టింది ఈ నీళ్లే. అడుగు తూము లాగితే మొత్తం కందకంలోకి దిగుద్ది. వచ్చే ఏడు నీళ్లెక్కడ పెట్టుకుంటారు, మీ టోపీల్లోనా?"

"మరి ఈ ఏడు ఏం తినాలి వదినా?" అన్నాడు కురామిత్సు. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపుంది. గుర్తురాయి పైన మిగిలినవి ఊరందరికీ చాలవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ కట్ట మీదే తెలిసింది.

ఇక దాచను. తూము కింద మొదటి మడి మనది, ఇసుక నేల. అది తాగే నీళ్లతో నాలుగు మడులు బతుకుతాయని మీరే అనేవారు. అందరూ చూస్తుండగా, మన మడిలోకి నీళ్లు పారే బోదెకు నేనే మట్టి వేసి మూసేశాను. మన వంతు వాళ్లకు వదిలేశాను.

"అన్ననడిగావా వదినా?" అన్నాడు కురామిత్సు.

"నడుం పడిపోయి పడుకున్న మనిషిని ఏమడగను? నించుని చూస్తావేం, ఆ పార అందుకో!"

మీరు నొప్పితోనే నాట్లు వేసి వెళ్లిన మడి అది. ఇంటికి రాగానే మన కొత్త బియ్యం తింటానని మీరు రాసిన ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. చదువుతూ వెక్కి వెక్కి ఏడ్చాను.

నిన్న కుండపోతగా వాన కురిసింది. కందకం నిండుతోంది, వాళ్ల మడులు నిలబడ్డాయి, దిబ్బా నిలబడింది. కట్ట మీదికి వెళ్లి దొరని నోరారా తిట్టాను, ఆ వానేదో ముందే పంపితే నీ సొమ్మేం పోయిందయ్యా అని. మన మడికి మాత్రం అది ఎందుకూ పనికిరాలేదు.

కవరులో మన వెన్ను ఒకటి పెట్టాను. గింజ నొక్కి చూడకండి, అంతా తాలే. మీరు వచ్చిన రోజు కొత్త బియ్యమే వండుతాను. ఏ మడివని అడగకుండా తినండి.

ఇట్లు,
ఎన్ని తిట్లకైనా సిద్ధంగా ఉన్న
మీ భార్య
తోయోనో