జయ వాళ్ళమ్మ పేరు

బచేలి

జయ వాళ్ళమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, జయ, పురిటిబిడ్డ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. అల్లుడు స్పీకర్‌లో పెడతాడు. ఇది నలుగురిలో చెప్పే సంగతి కాదు. భద్రాచలం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

నువ్వడిగినవి ముందు. బ్యాంకు డబ్బు నీ పేరున వేస్తే పన్ను తగ్గదా అన్నావు. నేనిచ్చిన డబ్బు కాబట్టి వడ్డీ నా లెక్కలోనే కలుపుతారట. అయినా మన రాబడికి ఇప్పుడు పన్ను పడదు, రిటర్ను మాత్రం వేస్తే మంచిదన్నారు. ఊరగాయ జాడీకి గుడ్డ మార్చాను.

ఇక పింఛను. రిటైరైన డబ్బులో పెద్ద భాగం నెలనెలా పింఛనొచ్చే పథకంలో కట్టాను కదా. అసలు మళ్ళీ చేతికి రాదు. నా తర్వాత నీకూ రావాలంటే ఇద్దరి పేర్లూ ఉండాలి, నెలకు కొంచెం తగ్గుతుంది, అంతే. నా పేరు రాయించావా అని పోయిన ఉత్తరంలోనూ అడిగావు.

రాయించలేదు.

డబ్బు కట్టిన రోజు బీమా ఆఫీసులో మన కాలనీ ఆడవాళ్ళు నా వెనక వరసలో ఉన్నారు. కంప్యూటరు ముందు కుర్రాడు, "పత్నీ కా నామ్ బోలియే, బాబా" అన్నాడు, పెళ్ళాం పేరు చెప్పమని. జయ పుట్టినప్పటి నుంచి 'జయ వాళ్ళమ్మా' అని, అంతకు ముందు 'ఇదిగో' అని పిలిచినవాణ్ణి. నీ పేరు పలకలేక తల దించుకున్నాను. అతను మెల్లగా, "అకేలే హో?" అన్నాడు, ఒంటరివాడివా అని. అక్కణ్ణించి బయటపడితే చాలనిపించి తలూపాను. నువ్వు బతికుండగానే.

కాగితం వచ్చాక, నాతో లోడింగులో పనిచేసిన ఆయతుకు చూపించాను. పగలబడి నవ్వాడు.

"ఏంది మావా! నా పెండ్లాం దేవే పేరు నేను బజార్ల ఎంత గట్టిగ పిలుస్త! నీ నోటికి తాళమేసినవా?"

తర్వాత నవ్వు ఆపాడు. "కాగితమొచ్చిన నెలలోపు వాపస్ ఇయ్యొచ్చు మావా. మళ్ల రెండు పేర్లతోని తీస్కో. నెల దాటితే ఎవ్వడూ ముట్టడు."

ఆ నెల వచ్చే సోమవారంతో సరి. ఆ ఆఫీసు గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. మొన్న లేదన్న పెళ్ళాం ఎక్కణ్ణించి వచ్చిందంటే ఏం చెప్పను? లోపలికి కాలు పడదు. ఊరుకుంటే, నా తర్వాత నువ్వు అల్లుడి దగ్గర చెయ్యి చాచాలి.

నీ ఆధార్, ఫోటో ఈ డ్రైవరు చేతికే ఇయ్యి. ఆదివారానికి తిరిగొస్తాడు. సోమవారం పోతాను. ఆయతును తోడు రావద్దన్నాను, వస్తే నీ పేరు వాడే చెప్పేస్తాడు.

పొద్దున వంటింట్లో నిలబడి గట్టిగా అని చూశాను. గొంతు నాది కాదనిపించింది. మళ్ళీ అన్నాను. కొంచెం నయం.

ఇట్లు,
ఇంద్రాణి మొగుడు
అప్పయ్య