నువ్వు తవ్విన నుయ్యి

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వానల్లేవు. కొత్తవలసలో రైలు పనులకొచ్చినవాళ్ళ కోసం మన చుట్టూ ఇళ్ళు లేచాయి. ఇంటికో లోతైన నుయ్యి తవ్వుకున్నారు. నువ్వు తవ్విన మన నుయ్యి ఎండిపోయింది. ఇల్లమ్మేసి ఎటైనా పోదామని మీ అమ్మ రోజూ అంటోంది.

ఈ మధ్యాహ్నం గునపం పట్టుకుని నేనే నూతిలోకి దిగాను. అడుగున చల్లగా, కలలో ఉన్నట్టుంది. గోడ మీద నీ గునపం గాట్లు తడుముతూ ఎంతసేపున్నానో తెలియదు. తర్వాత ఆ గాట్ల కిందే తవ్వాను. సాయంత్రమవుతుండగా పాదాలకు తడి తగిలింది.

"ఏటే, నీరున్నాదా?" పైనుంచి మీ అమ్మ అరిచింది.

"ఉన్నాదత్తా."

"మరి పైకి రావేటి?"

నాకు రావాలనిపించలేదు, మావా. చీలమండలు మునిగేదాకా ఆ నీళ్ళలో నిలబడి, అప్పుడు బిందె దింపమన్నాను.