గ్లాసు కింద పురుగు

శనివారం రాత్రి, హిందూపురం

రెండో తరగతి పిల్లలను పార్కుకు తీసుకెళ్లాను, సీతాకోకచిలుకలనూ అక్షింతల పురుగులనూ వెతకడానికి. గొర్రెలు కాసేవాళ్ల పిల్ల గంగ వెనకనుంచి నా జడలోని కనకాంబరాల మీద చెయ్యేసింది. పూలు తెంపుతోందనుకుని చేతిమీద ఒక్కటిచ్చాను.

"పూలకు కాదు మేడం, ఆడొక పురుగుండాది," అంది ఏడుస్తూ.

"దొంగతనం చేసి అబద్ధాలు కూడానా?" అని అందరి ముందూ అరిచాను. అదే క్లాసులోని డాక్టరుగారి పాపయితే కొట్టేదాన్నా...

ఇంటికొచ్చి దండ తీస్తే, నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగు నా వేలిమీదికి పాకింది.

దాని మీద గ్లాసు బోర్లించాను. సోమవారం క్లాసులో చూపించి, గంగ చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. కిటికీ తెరిచి వదిలేస్తే మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పటికి రెండుసార్లు కిటికీ గడియ తీసి, మళ్లీ వేశాను.