పాత చొక్కా

ప్రియమైన గడుగ్గాయికి,

ఫోన్లో ‘తిన్నావా, పడుకున్నావా’తోనే సరిపోతోంది. అసలు మాట కాగితం మీదే వస్తుంది నాకు.

ఇక్కడ ఈగలు తోలుకుంటున్నాను. కింద పిల్లల బట్టల దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. పైన నా మగవాళ్ళ సెక్షన్‌లో మాత్రం నేను, నలుగురు సేల్స్‌మెన్, మాకంటే మంచి బట్టలేసుకున్న బొమ్మలు. లైట్లు మార్చాం, రేట్లు తగ్గించాం. అయినా మగాళ్ళు మెట్లెక్కరు. అప్పుడప్పుడు ఆడవాళ్ళు వస్తారు. చొక్కా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు. “సైజెంతమ్మా?” అని అడిగితే చాలు, అనకూడని మాటేదో అన్నట్టు చూసి, “మళ్ళీ వస్తాం” అంటూ దిగిపోతారు.

ఈ సీజన్లో సెక్షన్ నిలబడితే ఉద్యోగం పర్మనెంటు, షాపు వెనకాలే క్వార్టరు. నువ్వూ ఇక్కడి ఆస్పత్రికి మారిపోవచ్చు. లేదంటే నా అంతస్తులో కుక్కర్లు పెడతానంటున్నాడు ఓనరు. అప్పుడు నేను ఇంకో ఊరు, ఇంకో షాపు చూసుకోవాలి. నువ్వక్కడ, నేనిక్కడ. ఇంకా ఎన్నాళ్ళే ఇలా? ఒక్క కప్పే కడుక్కుని కడుక్కుని, రెండు కప్పులు కడగడం ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను.

నీ
బట్టలకొట్టు మనిషి

* * *

ప్రియమైన శ్రీవారికి,

డ్యూటీ దిగి, కాళ్ళు పీకుతున్నా ముందు మీకే రాస్తున్నాను.

మగాళ్ళు రావట్లేదని బెంగ పెట్టుకున్నారా? పుట్టి బుద్ధెరిగాక మీరొక్క చొక్కా కొనుక్కున్నారా? చిన్నప్పుడు అత్తయ్య, తర్వాత నేను. ఊళ్ళో మగాళ్ళందరూ మీలాంటి మహానుభావులే.

మరి నేనెలా కొంటానో ఎప్పుడైనా చూశారా? మీ పాత చొక్కా సంచిలో పెట్టుకెళ్తాను. కొత్తదాని మీద పరిచి, భుజానికి భుజం, చేతికి చెయ్యి కలిపి చూస్తాను. మొగుడి కొలత అంకెల్లో ఎవరికి గుర్తుంటుందండీ! మీ షాపులో గుమ్మం దగ్గరే సంచులు తీసేసుకుని టోకెన్ బిళ్ళ ఇస్తారని మా వార్డులో ఒకావిడ చెప్పింది. ఉత్త చేతులతో పైకొచ్చినదాన్ని పట్టుకుని సైజెంత అంటే ఏం చెబుతుంది పాపం?

సంచులు పైకి రానివ్వండి. ఒక బల్ల వేయించండి. వేళకి తినండి.

మీ
గడుగ్గాయి

* * *

ప్రియమైన గడుగ్గాయికి,

ఓనరు ముందు ససేమిరా అన్నాడు, దొంగతనాలు జరుగుతాయని. కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఇప్పుడు బల్ల చుట్టూ ఆడవాళ్ళే. చొక్కా మీద చొక్కా పరిచి, ముడతలు సర్దుతుంటారు. ఒకావిడ పాత చొక్కా కాలర్ని చాలాసేపు అలా నిమురుతూనే ఉంది. ఆయన దూరంగా ఉంటారట. నేను లెక్కలు చూసుకోవాలంటూ పక్కకి వెళ్ళిపోయాను.

సెక్షన్ నిలబడింది. క్వార్టరు తాళం నా జేబులోనే ఉంది.

కానీ ఇంకో సంగతి. గుమ్మం దగ్గర సంచులు పెట్టే అర ఖాళీ చేస్తుంటే ఎవరూ తీసుకెళ్ళని సంచి ఒకటి దొరికింది. “ఎవరో ఆవిడ సార్, కళ్ళు తుడుచుకుంటూ అలాగే వెళ్ళిపోయింది. పిలిచినా వినలేదు” అన్నాడు కౌంటరు అతను. లోపల నా నీలం గీతల చొక్కా. రెండో గుండీకి నువ్వు ఎర్రదారంతో వేసిన కుట్టు.

వార్డులో ఆవిడ ఎవరో ఇప్పుడు తెలిసింది. ఇంత దూరం వచ్చి, కనబడకుండా ఎందుకు వెళ్ళిపోయావే?

నీ
బట్టలకొట్టు మనిషి

* * *

ప్రియమైన మీకు,

దొరికిపోయాను కదా!

మీ పుట్టినరోజుకి చొక్కా కొని, మీ చేతే ప్యాక్ చేయించుకుని నవ్విద్దామనుకున్నాను. మెట్లెక్కి వచ్చేసరికి ఓనరు మిమ్మల్ని అందరి ముందూ కడిగేస్తున్నాడు. మీరు తల వంచుకుని నిలబడ్డారు. నేను మీ వెనకే, పసుపు టై కట్టిన బొమ్మ పక్కన ఉన్నాను. చెయ్యి చాపితే అందేవారు. కానీ ఆ క్షణంలో నేను కనబడితే మీరు తట్టుకోలేరనిపించింది. ఒక సేల్స్‌మన్ వచ్చి “సైజెంతమ్మా?” అన్నాడు. మీ భుజాల మీద చొక్కా జారిపోతోంది. అంత చిక్కిపోయారు. మీ కొలత నాకే తెలియకుండా పోయిందని ఏడుపొచ్చి, దిగిపోయాను. సంచి సంగతే గుర్తు రాలేదు.

బదిలీ కాగితం నిన్న వచ్చింది. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఈసారి పాత చొక్కాతో పని లేదు, కొలత మనిషి మీదే తీసుకుంటాను. బిళ్ళ ఇంకా నా దగ్గరే ఉంది. సంచీ, అందులో చొక్కా, అది తొడుక్కునే మనిషీ, అన్నీ నాకు అప్పగించాలి. గుమ్మం దగ్గర మీరే నిలబడండి.

మీ
గడుగ్గాయి