మిషను చప్పుడు

సెప్టెంబరు 11, గురువారం

చెల్లికి,

చి.ల.సౌ. అని మొదలుపెట్టబోయాను. ఆ 'సౌ' దగ్గర కలం ఆగిపోయింది. నీ చెయ్యి విరగ్గొట్టి పోలీసుల వెంట వెళ్లిన మా మరిదిని తలుచుకుంటే ఇంకేం సౌభాగ్యం! అందుకని ఒట్టి చెల్లివే. అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నీ కూతురూ క్షేమం. మీ వాటాకి తాళం వేసి పిల్లని నా వాటాలోనే పడుకోబెడుతున్నాను. ఆసుపత్రిలో కట్టు ఎప్పుడు విప్పుతారో నర్సమ్మ చేత రాయించు.

పిల్ల నా దగ్గర కుదురుకుంటోందా, హాస్టల్లో వేయమంటావా అని అడిగించావు. దాచకుండా రాస్తున్నాను. అన్నం తింటోంది, బడికి వెళ్తోంది. చిక్కల్లా నా కుట్టుమిషనుతోనే. నెమ్మదిగా తొక్కినంతసేపూ పక్కన కూర్చుని గుడ్డముక్కలు ఏరుకుంటుంది. కాస్త జోరు పెంచానా, బట్టలు కత్తిరించే బల్ల కింద దూరి చెవులు మూసుకుంటుంది. ఒకసారి గౌను తడుపుకుంది కూడా. ఏడేళ్లొచ్చాయి, ఇవేం వేషాలే అని నోరు పారేసుకున్నాను. నా నోటి సంగతి నీకు తెలియనిదా! చెయ్యి పట్టి బయటికి లాగితే నా మణికట్టు కొరికింది.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే చివాట్లు నాకే పడ్డాయి. అది వేషం కాదట, భయమట. ఆ రోజులు పోయినా ఆ భయం ఒంట్లోంచి పోలేదట. లాగొద్దు, గుచ్చిగుచ్చి అడగొద్దు, ఏం చేయబోతున్నారో ముందే చెప్పండి, చెప్పినట్టే చేయండి అంది. అప్పటినుంచి, బుజ్జీ, ఇప్పుడు ఈ కాలరు కుడతాను, కాసేపు చప్పుడవుతుంది అని చెప్పి మరీ మొదలుపెడుతున్నాను. అది బల్ల కిందకి వెళ్తే నేనూ పక్కన చతికిలబడతాను. నా ఒళ్లు తెలుసుగా, మళ్లీ లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మొన్న నా అవస్థ చూసి నవ్వింది. అచ్చం నీ నవ్వే. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు మిషను ఆపించే అధికారం దానిదే. చాలు పెద్దమ్మా అనగానే కాలు తీసేస్తాను. బట్టలు ఆలస్యమై గిరాకీ కాస్త తగ్గింది, తగ్గితే తగ్గనీ. హాస్టలు మాట మరిచిపో.

ఇట్లు,
నీ తోడికోడలు, అక్క

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. దాచనని రాసి దాచాను. నిన్న బల్ల కింద పిల్ల తనంతట తనే చెప్పింది, నాన్న అమ్మని కొట్టేటప్పుడల్లా గోడ అవతల నీ మిషను గబగబా తిరిగేది పెద్దమ్మా అని. నీకు మా అరుపులు వినపడేవి కావా అని అడిగింది. మిషను చప్పుడులో ఏం వినపడుతుందమ్మా అన్నాను.

వినపడేవి చెల్లీ. వినపడకూడదనే అంత జోరుగా తొక్కేదాన్ని.

రేపు దానికీ నిజం చెబుతాను. పిల్లని నా దగ్గర ఉంచాలో వద్దో ఇప్పుడు చెప్పు.